గని కప్పుకు పుచ్చకాయ పోలిక

ట్రైనింగ్ సెంటర్లో కొత్తగా చేరిన ఇన్‌స్ట్రక్టర్లు ఇప్పటికీ అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "సార్, మేం చెప్పేది చెప్తనే ఉంటం, వాళ్లు నిద్రపోయేది పోతనే ఉంటరు. ఏం చెయ్యాలె?" అని అడుగుతారు. "పోలిక చెప్పుండ్రి, లేచి కూసుంటరు" అంటాను. సలహా మంచిదే. ఉచితంగా ఇచ్చాను కాబట్టి వారంటీ మాత్రం లేదు. అలాంటి పోలిక ఒకటి నేనే చెప్పి, ఒక మనిషి నౌకరీ ఊడే దాకా తెచ్చాను. ఆ కథ ఫోన్లో తెగేది కాదు, అందుకే కాగితం మీద పెడుతున్నాను. మీరు క్లాసుకు పోయేముందు ఒకసారి చదువుకోండి.

మాది గోదావరిఖనిలో కిరాణా కొట్టు. మా నాన్న జన్మలో ఏ సరుకునూ "మంచిది" అని అమ్మలేదు. "దానికన్నా మంచిది" అని అమ్మాడు. కొట్టు ముందు కందిపప్పు బస్తాలు రెండు మూతి విప్పి ఉండేవి. ఒకదాంట్లో నాసిరకం పప్పు. దాన్ని ఎవరూ కొనేవారు కాదు, కొనాలని మా నాన్న కోరుకోనూ లేదు. పక్క బస్తాలోని మామూలు పప్పును మేలిరకంగా చూపించడమే దాని డ్యూటీ. కొనేవాళ్లేమీ తక్కువ తినలేదు. "అవతలి కొట్ల ఇంతకన్న తక్కువకే ఇస్తున్నరు" అనేవారు. ఆ అవతలి కొట్టు ఎక్కడుందో నాకు ఇవాళ్టికీ తెలియదు. కానీ దాని ధరలు వింటూనే పెరిగాను. ఇక ఇంట్లో మా అమ్మ చేతిలో పోలిక బెత్తం. "ఎదురింటి పిలగాన్ని చూసి నేర్సుకో" అనేది. ఎదురింట్లో వాళ్లమ్మ నన్ను చూపించి అదే మాట అనేదని తర్వాత తెలిసింది. మేమిద్దరం చాలాకాలం ఒకరికొకరం నాసి పప్పుగా పనిచేశామన్నమాట.

కొట్లో అన్నదమ్ములందరికీ చోటు చాలక నేను గనిలో చేరాను. పరీక్షలు రాసి మెట్టు మెట్టూ ఎక్కాను. చివరి ఏళ్లలో మోకాళ్లు తగ్గి నోరు పెరగడంతో, కంపెనీ వాళ్లు ఆలోచించి ట్రైనింగ్ సెంటర్‌కు వేశారు. సెంటినరీ కాలనీ క్వార్టర్ నుంచి స్కూటర్ మీద పోయి, గనిలోకి కొత్తగా దిగేవాళ్లకు ప్రాణం ఎలా కాపాడుకోవాలో చెప్పడం నా పని.

అందులో ముఖ్యమైనది రూఫు. గనిలో తల మీద ఉండే రాతి పొరను మేం రూఫు అంటాం. కింద బొగ్గు తీసేకొద్దీ ఆ రాయి పట్టు వదలవచ్చు. అందుకే పని మొదలుపెట్టే ముందు కర్రతో కొట్టి వినాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. పై పొర నుంచి విడిపోయి నడుమ సందు పడిన రాయి డొల్లగా మోగుతుంది. డొల్ల మోత వినబడితే అక్కడి నుంచి తప్పుకొని, దానికి దన్ను పెట్టించాలి. ఎన్ని యంత్రాలు వచ్చినా ఈ కర్ర దెబ్బ మాత్రం పోలేదు.

చిక్కేమిటంటే, మోతను బోర్డు మీద గీయలేం. చూడని దాన్ని చూసిన దానితో, వినని దాన్ని విన్న దానితో ముడిపెట్టి చెప్పడం తప్ప దారి లేదు. నాకు అది పుట్టుకతో వచ్చిన విద్య అనుకునేవాణ్ణి.

నాకు తోడు ఇంకో ఇన్‌స్ట్రక్టర్ ఉండేవాడు. మంథని మనిషి. ఇంట్లో తరతరాలుగా బడిపంతుళ్లు. ఆయన గనిలోకి దిగాడే కానీ చేతిలోంచి సుద్దముక్క దింపలేదు. ప్రతి దానికీ నిర్వచనం చెప్పి, అందరితో పలికించి, మళ్లీ రాయించేవాడు. నేను ఆయన్ని పంతులన్న అనేవాణ్ణి, ఆయన నన్ను సేటు అనేవాడు.

"సేటూ, నీ క్లాసు ఇంటుంటె అంగడికి పోయినట్టుంటది" అనేవాడు.

"నీ క్లాసు పురాణం ఇన్నట్టుంటదన్నా. పుణ్యం వస్తది, నిద్ర గూడ వస్తది."

"ఇప్పుడు నువ్వన్నది పోలికనే గద?"

"మరి నువ్వన్నది?"

ఇద్దరం నవ్వుకొని టీకి పోయేవాళ్లం. ఎవరి పద్ధతి వాళ్లది.

ఒక ఎండాకాలం, మధ్యాహ్నం క్లాసు. కూలర్లో నీళ్లు అయిపోయి వేడిగాలి కొడుతోంది. ముందు వరుస తప్ప అందరూ తూగుతున్నారు. కొత్త కుండ, బీటవారిన కుండ అంటూ నా పాత పోలిక విప్పాను. ఎవరూ కదల్లేదు. బేరం పోతోందని తెలిసిన వ్యాపారి లోపలి సరుకు బయటికి తీస్తాడు కదా, నేనూ తీశాను.

"పుచ్చకాయ కొనేటప్పుడు ఏం చేస్తరయ్యా? కొట్టి చూస్తరు గదా! రూఫు గూడ పుచ్చకాయ లెక్కనే. కొట్టాలె, ఇనాలె, తెల్సుకోవాలె!"

మా దిక్కు "లాగా" అనే చోట "లెక్క" అంటారు. పుచ్చకాయ పేరు వినగానే క్లాసు మొత్తం లేచింది. "సార్, రెండు తెప్పియ్యుండ్రి, ప్రాక్టికల్ చేద్దాం" అన్నారు ఎవరో. వెనక బెంచీలో ఎప్పుడూ భయంభయంగా కూర్చునే ఒకాయన మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వు చూసి నా పోలిక మంచి ధర పలికిందని సంబరపడ్డాను.

ఆయన బసంత్‌నగర్ నుంచి బస్సులో వచ్చేవాడు. తండ్రి బొగ్గు కోసే పనిలో నడుము పోగొట్టుకొని, దవాఖాన వాళ్లు అన్‌ఫిట్ రాస్తే, ఆ నౌకరీ కొడుక్కు వచ్చింది. ఫైలు నడిచి నడిచి వచ్చేసరికి ఆయనకు వయసు పరిమితి దగ్గర పడింది. ఈ ట్రైనింగ్‌లో ఫెయిలైతే మళ్లీ పిలిచేలోపు ఆ గీత దాటిపోతుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు, మాకూ తెలుసు.

రూఫు పరీక్ష గని లోపలే, ట్రైనింగ్ కోసం ఉంచిన ఒక పాత దారిలో జరుగుతుంది. దన్ను ఉన్న చోట నిలబడి, పొడుగాటి కర్రతో చూపించిన చోటల్లా కొట్టి, మంచి రూఫో చెడ్డ రూఫో చెప్పాలి. డొల్ల ఉన్న భాగానికి అడ్డంగా తాడు కట్టి, ఎర్ర బోర్డు వేలాడదీసి ఉంటుంది. సెంటర్ ఆఫీసరు స్వయంగా వచ్చి అడుగుతాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మాట మెత్తన, మార్కులు గట్టి.

మా బసంత్‌నగర్ ఆయన కర్ర ఎత్తాడు, కొట్టాడు, శ్రద్ధగా విన్నాడు. ఖంగుమన్న రాయిని చెడ్డదన్నాడు. డొల్ల రాయిని మంచిదన్నాడు. అదీ ఎలా? కళ్లు మెరుస్తుండగా, మేం శెభాష్ అనాలన్నట్టు మా వైపు చూస్తూ చెప్పాడు. ఎన్ని చోట్ల కొట్టించినా అదే తంతు.

"వచ్చే వారం చివర ఇంకోసారి చూద్దాం. అప్పుడూ ఇంతే అయితే అన్‌ఫిట్ రాయాల్సి వస్తుంది" అన్నాడు ఆఫీసరు.

పైకి నడిచి వస్తుంటే నేను తిట్ల దండకం మొదలుపెట్టాను. పంతులన్న ఆపాడు.

"సేటూ, ఆయనకు చెవుడు లేదు."

"అన్నీ తప్పే చెప్పిండు గదన్నా!"

"గందుకే అంటున్న. ఇనబడనోడు అడ్డదిడ్డంగ చెప్తే సగమన్న కుదురుతయి. ఒక్కటి గూడ కుదరలేదంటె మంచిగ ఇనబడ్తున్నట్టే. చెవికీ నోటికీ నడుమ ఏదో ఉల్టా అయింది. పోయి అరుసుకో."

ఆదివారం ఆయనకు ఫోన్ చేస్తే "బండి కాడ ఉన్న సార్" అన్నాడు. ఏం బండి అంటే పండ్ల బండి అన్నాడు. బస్సెక్కి బసంత్‌నగర్ పోయాను. సిమెంటు లారీలు వరసగా ఆగే చోట, గొడుగు కింద తోపుడు బండి, దాని నిండా పుచ్చకాయలు. నన్ను చూసి స్టూలు తుడిచి వేశాడు. విషయం అడుగుదామనే పోయాను, కానీ ఎదురుగా సరుకు ఉంటే నా చేయి ఊరుకోదు. నాలుగు కాయలు కొట్టి చూసి, ఖంగున మోగిన ఒకటి తీసి, సగం ధరకు అడిగాను.

"తీస్కపోండ్రి సార్" అన్నాడు.

ఒక్క మాటకు బేరం తెగితే నాకు అనుమానం వస్తుంది. "ఏందయ్యా, గింత జల్ది ఒప్పుకున్నవు?"

"గది పచ్చికాయ సార్. లోపల తెల్లగుంటది. మీరే ముచ్చటపడి తీసిండ్రు, సార్ గదా, ఎదురు ఎట్ల చెప్పాలె?"

మా ఇంట్లో పుచ్చకాయ అంటే తెల్లగానే ఉంటుందని పిల్లలు అనుకొని పెరగడానికి కారణం అప్పుడు అర్థమైంది. మా కొట్లో పండ్లు ఉండేవి కావు. పుచ్చకాయల గురించి నాకు తెలిసింది ధర ఒక్కటే.

"మరి మంచిది ఏదో నువ్వే తీయి."

ఆయన ఒక కాయను అరచేతిలోకి తీసుకొని వేళ్లతో కొట్టాడు. లోతుగా, డొల్లగా మోగింది. "ఇనుండ్రి సార్. గిట్ల మోగాలె. గిది ఎర్రగ, తియ్యగ ఉంటది. దీనికైతే పైస తగ్గియ్య."

నేనూ ఆ కాయ మీద చేయి వేసి కొట్టాను. నా చేతి కింద మోగింది నిన్నటి రూఫే.

"గనిల గూడ గిట్ల మోగిందాన్నే మంచిదన్నవా?"

"అవ్ సార్. మీరే చెప్పిండ్రు గదా, పుచ్చకాయ లెక్క అని. మీరు గా మాట అన్నంక నాకు పానం కుదుటవడ్డది. అన్ని పాఠాలు పరేషాన్ చేస్తున్నయి గని, గీ ఒక్క పని నాకు వస్తది అనుకున్న. గింత కాలం కొడ్తనే ఉన్న గద కాయలు." లారీల వైపు చూస్తూ అన్నాడు. "గీ నౌకరి పోతె మళ్ల రాదు సార్. మా నాయిన మంచంలకెల్లి దినాం అడుగుతడు, 'పాసైనవా బిడ్డా' అని. ఏం చెప్పాలె?"

తెల్లకాయ సగం ధరకు, ఎర్రకాయ పూర్తి ధరకు, రెండూ కొనుక్కొని వచ్చాను. నా బేరాల చరిత్రలో అది చీకటి దినం.

సోమవారం పంతులన్నకు చెప్పాను. ఆయన నవ్వలేదు, సుద్దముక్క తీశాడు. ఖాళీ క్లాసులో నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి బోర్డు మీద రాశాడు.

"పోలికకు నాలుగు అంగాలు. రూఫు ఉపమేయం. పుచ్చకాయ ఉపమానం. 'లెక్క' అన్నది ఉపమావాచకం. నాలుగోది సమానధర్మం, రెండిట్ల ఉన్న ఒక్కటే గుణం. గది ఏది? కొట్టి చూసుడా, మోతనా, తీపా? నువ్వు మూడు చెప్పి నాలుగోది కొట్టుల మర్చిపోయొచ్చినవు."

"చెప్పకపోతె ఏమైతదన్నా?"

"పద్యంల ఐతె లుప్తోపమ అని మెచ్చుకుంటరు. గనిల ఐతె పంచనామ చేస్తరు."

మా నాన్న రెండు బస్తాల మధ్య పోల్చమన్నది ఒక్క రంగునే. తూకాన్ని పోల్చమని ఎన్నడూ అనలేదు. ఏ వైపు చూపించాలో ఆయనకు తెలుసు. నేను పుచ్చకాయను మొత్తంగా క్లాసులోకి దొర్లించి, ఎవరికి కావలసిన ముక్క వాళ్లు కోసుకోమన్నాను. మిగతావాళ్లు కొట్టడం అనే ముక్క కోసుకున్నారు. అమ్ముకునేవాడు మాత్రం తనకు బాగా తెలిసిన ముక్క, తీపి, కోసుకున్నాడు.

సరే, తప్పు ఎక్కడుందో తెలిసింది కాబట్టి దిద్దడం తేలిక అనుకున్నాను. సెంటర్ ఆవరణలో ప్రాక్టీసుకు ఒక సిమెంటు పలక ఎత్తున బిగించి ఉండేది. ఒక పక్క గట్టి, ఇంకో పక్క డొల్ల. మా బసంత్‌నగర్ ఆయన్ని అక్కడికి తీసుకుపోయి, "పుచ్చకాయను ఉల్టా పట్టుకో, అయిపాయె" అన్నాను.

డొల్ల పక్క కొట్టాడు. "మంచి..." అన్నాడు. మింగాడు. "కాదు సార్, చెడ్డది." మళ్లీ కొట్టించాను. మళ్లీ అదే వరస.

"ఏం జేయాలె సార్, ముందు నోట్లె నీళ్లూరుతయి. భయం ఎన్కకెల్లి వస్తది."

"గనిల నోరూరేటంత టైం ఉండదు బిడ్డా" అన్నాడు పంతులన్న.

పోలిక ఒంటరిగా రాదని నాకు అప్పుడే తెలిసింది. పుచ్చకాయ మోతను పిలిస్తే దాని వెంట ఎరుపు వస్తుంది, తీపి వస్తుంది, దాహం వస్తుంది, కాయను దగ్గరికి లాక్కోవాలనే కోరిక వస్తుంది. మాకేమో దూరంగా జరగాలనే బుద్ధి కావాలి. ఎంత ఉల్టా చేసినా ఆ చుట్టాలు వెనక్కి పోవు. వేరే పోలిక వెతకాల్సిందే.

అప్పుడు మొదలైంది అసలు బేరం. నేను ఒక్కొక్కటే చూపిస్తున్నాను, ఆయన వద్దంటున్నాడు.

"కుండ?"

"మా ఇంట్ల నీళ్లు క్యానుల వస్తయి సార్."

"ఇత్తడి బిందె?"

"మా అక్క లగ్గానికే అమ్మినం."

"గుళ్లె గంట?" అన్నాడు పంతులన్న, తన కొట్టులోంచి ఒకటి తీసి.

"గుళ్లె గంట చెడ్డగ మోగంగ ఎన్నడన్న ఇన్నరా సార్?"

అదీ నిజమే. మంచీ చెడూ రెండూ విన్న మోత కావాలి. నా బస్తాలు ఖాళీ అయ్యాయి. విసుగొచ్చి అడిగాను. "పొద్దంత రోడ్డు మీద ఉంటవు గదా, నీకు ఏం ఇనబడ్తదయ్యా గక్కడ?"

"ఏముంటది సార్, లారీలు."

"హారన్లా?"

"హారన్లకు ఎప్పుడో అలవాటైన. క్లీనర్లు దిగి రాడ్డుతోని టైర్లు కొడ్తరు సార్, గాలి చూస్తానికి. గాలున్న టైరు ఠంగుమని రాడ్డును ఎనక్కి తంతది. గాలి దిగిన టైరు మొద్దుగ..." మాట మధ్యలో ఆగిపోయాడు. నా చేతిలోంచి కర్ర తీసుకొని పలక డొల్ల పక్క కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. "సార్, గిది దిగిన టైరు."

మింగలేదు. ఆలోచించలేదు.

"దిగిన టైరు మీద లారీ తీస్తరా?" అన్నాడు పంతులన్న మెల్లగా.

"ఎట్ల తీస్తరు సార్? పానం మీద ఆశ లేకుంటె తియ్యాలె."

నేను కొట్టు పిల్లవాణ్ణి, సరుకంతా నా దగ్గరే ఉందనుకున్నాను. ఆయనకు కావలసింది ఆయన రోడ్డు మీదే ఉంది. నేను చేయాల్సిన పని అడగడం ఒక్కటే. ఆ వారమంతా ఆయన పలకను కొడుతూ "గాలున్నది, దిగింది, గాలున్నది" అని పాడుకుంటుంటే, మిగతా బ్యాచ్ వాళ్లు "కాకా, పంక్చర్ షాపు ఎప్పుడు తెరుస్తున్నవు?" అని ఆడుకునేవారు.

పరీక్ష రోజు వచ్చింది. లోపలికి దిగింది నలుగురం. ఆఫీసరు, పంతులన్న, నేను, ఆయన. పాత దారిలో చల్లటి గాలి కొడుతున్నా నాకు చొక్కా తడిసింది. మొదటి చోట కొట్టాడు. ఖంగుమంది.

"గాలున్న టైరు సార్" అన్నాడు.

ఆఫీసరు దీపం ఆయన ముఖం మీదికి తిరిగింది. "టైరేంటండీ? మంచి రూఫా, చెడ్డ రూఫా, అదొక్కటే చెప్పండి. రేపు పక్కన ఉన్నవాడికి టైరంటే ఏం అర్థమవుతుంది?"

న్యాయమైన మాటే. కానీ వారం రోజులు కష్టపడి కట్టిన దన్నును ఒక్క మాటతో తీసేసినట్టయింది. ఆయన నా వైపు చూశాడు, నేను పంతులన్న వైపు చూశాను, పంతులన్న తాడు వైపు చూశాడు.

"మంచి రూఫు సార్" అన్నాడు ఆయన, ఆగి ఆగి. రెండో చోట కూడా తడుముకుంటూనే సరిగ్గా చెప్పాడు. తాడు అవతలి డొల్ల మిగిలింది. దాన్ని అడిగే ముందు ఆఫీసరుకు మా ఇద్దరికీ నాలుగు మాటలు చెప్పాలనిపించింది. పోలికలతో సరదాగా ఉంటుంది కానీ, పనిలో అందరికీ ఒకటే మాట ఉండాలి అంటూ, మా వైపు తిరిగి మాట్లాడుతూనే, తన చేతి కర్రతో అలవాటుగా పైన తట్టుకుంటూ తాడు వైపు మెల్లగా నడుస్తున్నాడు. మేమిద్దరం తలలూపుతున్నాం. నేనైతే జవాబుగా ఏం బేరం పెట్టాలా అని లెక్కలు వేస్తున్నాను. తాడు ఇంకా ముందుంది. అక్కడిదాకా రూఫు మంచిదేనని మా అందరికీ తెలుసు. ఎన్ని బ్యాచ్‌లకు చూపించలేదు!

ఆఫీసరు మాట మధ్యలో ఉండగా మా బసంత్‌నగర్ ఆయన వెనక నుంచి వచ్చి, నడుముకున్న బెల్టు పట్టుకొని ఒక్క గుంజు గుంజాడు. ఆఫీసరు వచ్చి పంతులన్న మీద పడ్డాడు. హెల్మెట్టు ఊడి దొర్లింది.

"ఏం చేస్తున్నావయ్యా నువ్వు!"

"మంచిగ లేదు సార్ గక్కడ."

"తాడు అక్కడుంది కదా! ఇక్కడ మంచిగా లేదని నీకెలా తెలుసు?"

ఇదే పరీక్ష. నేను ఆఫీసరు వెనక నిలబడి రెండు చేతులతో గాలిలో పెద్ద సున్న చుట్టి, టైరు, టైరు అని పెదాలు కదుపుతున్నాను. వద్దన్న పోలికే కావచ్చు, కానీ ఏదో ఒకటి చెప్పాలి కదా. ఆయన నా సున్నను చూశాడు. అదేమిటో అర్థం కానట్టు చూశాడు. తర్వాత ఆఫీసరు వైపు తిరిగాడు.

"ఎట్ల తెలుసుడేంది సార్? మీకు ఇనబడ్తలేదా?"

పైకి వచ్చాక ఆఫీసరు ఫిట్ అని రాసి సంతకం చేశాడు. ఆ సాయంత్రమే తాడు ఇవతలికి జరిగింది, దన్ను పెట్టించారు. ఆ రాయి ఆ రోజు పడలేదు, నేను రిటైరయ్యే దాకా కూడా పడలేదు. కానీ అసలు సంతకం పడింది కాగితం మీద కాదని నా నమ్మకం. గని లోపల 'మీకు ఇనబడ్తలేదా' అన్న మాట విన్న తర్వాత ఆఫీసరు హెల్మెట్టు పెట్టుకొని, దన్ను కింద నిలబడి, కర్ర పొడుగ్గా చాపి, ఈసారి ఏమీ మాట్లాడకుండా అక్కడ ఒక్క దెబ్బ కొట్టాడు. నలుగురం విన్నాం. అది దేని లెక్క ఉందో ఎవరం అనలేదు. నలుగురం ఒక్కసారే వెనక్కి జరిగాం.